వెనక్కి నడిచే అమెరికా లారీ

శ్రీరాంపూర్ బొగ్గు గని కాలనీలో తోమాసు అమెరికా లారీలు చేస్తాడు. బొమ్మలంటే ఒప్పుకోడు, నమూనాలనాలి. అందాకా ఎవరికీ అభ్యంతరం లేదు. కాని చేసిన లారీని ఆయన ముందుకు నడపడు. వానలు వెలిసినప్పటి నుంచి రోజూ పొద్దున్నే అరుగు మీద పీట వేసుకుని, సుద్దగీతల మధ్య మూరెడు పొడుగు ఎర్ర లారీని వెనక్కే తోస్తాడు. వెనక ఒక ఇటుక ఉంటుంది. దానికి తగలకుండా ఆపాలి. ఆపాక మళ్లీ మొదలు.

నూనె డబ్బా రేకుతో బాడీ, తెగిన చెప్పులతో టైర్లు, వెండి రంగు పూసిన పొగగొట్టాలు. స్టీరింగ్ తిప్పితే ముందు చక్రాలు నిజంగానే తిరుగుతాయి. రంగు ఆరేదాకా ఇంట్లో ఫ్యాను వేయకూడదు, దుమ్ము పడుతుంది. ఆ ఉక్కలో వంట చేసేది ఆయన భార్య సంతోషమ్మ.

"స్టీరింగ్ ఎడమ దిక్కు పెట్టినవేంది తోమాసన్నా?" అని అడిగాడు పక్కింటి రాజలింగు.

"అమెరికాల గట్లనే ఉంటది."

"మరి ఎనుకకే పోతదేంది? అమెరికాల గట్లనే పోతరా?"

"ముందుకు ఎవడన్న తోలుతడు. చాయ్ తాగి పో."

గనిలో బొగ్గు మోసే డంపర్ తోలి తోలి రిటైరైన మనిషికి బుర్ర కూడా రివర్సులో పడిందని కాలనీ అంతా నవ్వింది. తోమాసు దులిపేసుకున్నాడు. సంతోషమ్మకు మాత్రం తల కొట్టేసినట్టయ్యేది.

చర్చి ఆడవాళ్ల ప్రార్థన కూటం ఆ ఆదివారం మొదటిసారి వాళ్లింట్లో. ఎన్నేళ్లుగానో ఆమె కోరిక అది. అరుగు మీద చాపలు పరవాలి. అక్కడేమో గీతలు, ఇటుక, లారీ.

"ఆదివారం ఒక్కనాడు తియ్యయ్యా," అంది.

"తియ్య."

"పాస్టరయ్యగారి భార్య వస్తది."

"రానీ. పక్కకెళ్లి నడుస్తది."

"అందరు నవ్వుతరు."

"నవ్వనీ. నా మీదనే గద."

శనివారం ఆయన స్నానానికి వెళ్లడం చూసి, సంతోషమ్మ లారీని ట్రంకు పెట్టెలో పెట్టి తాళం వేసింది. తడిగుడ్డతో గీతలు తుడిచేస్తుంటే ఎదురింటి జమున వచ్చింది. భర్త పోయాక అతని ఉద్యోగం ఆమెకిచ్చారు, డంపర్ నేర్చుకుంటోంది.

"పెద్దమ్మా, లారీ ఏది? పెద్దబాపుకు పానం బాగలేదా?"

"బాగనే ఉన్నడు. లారీతోని నీకేం పని?"

జమున తల వంచుకుంది. "సోమవారం నాకు డంపర్ పరీక్ష. రివర్సే వస్తలేదు. మొన్న కరెంటు కంబానికి తగిలిస్తే అందరు నవ్విండ్రు. ఇగ ఎవ్వర్ని అడగబుద్ధి కాలే. డంపర్‌కు గూడ స్టీరింగ్ ఎడమ దిక్కే గద. పెద్దబాపు ఈడ తిప్పుతుంటే నేను మా ఇంట్ల కిటికీ కాడ పళ్లెం పట్టుకొని గట్లనే తిప్పుతున్న."

"నీకు నేర్పుతున్న అని ఆయన చెప్పిండా?"

"ఒక్క మాట చెప్పలే. నేను పక్కకు జూస్తే మాత్రం మళ్ల మొదటికెళ్లి తీస్తడు."

సంతోషమ్మకు మొగుడి మీద పట్టలేనంత ముద్దొచ్చింది. ఇన్నాళ్లూ తనకైనా చెప్పనందుకు కోపమూ వచ్చింది. ముందు ట్రంకు పెట్టె తాళం తీసింది, కోపం సంగతి తర్వాత చూసుకోవచ్చని.

ఆదివారం అయ్యగారి భార్య మమతారాణి ఆడవాళ్లను వెంటబెట్టుకుని వచ్చి అరుగు ముందు ఆగిపోయింది. తోమాసు పీట మీదే ఉన్నాడు.

"ఇయ్యాల గూడ తియ్యలేదా సంతోషమ్మా?"

సంతోషమ్మ కొంగు నడుముకు చెక్కుకుని అరుగుకు అడ్డంగా నిలబడింది.

"తియ్యమమ్మా. మీరు జర పెరటి దిక్కుకెళ్లి రాండ్రి, చాపలు వంటింట్ల పరిచిన."

ఆడవాళ్లు ముఖముఖాలు చూసుకుని కిసుక్కున నవ్వారు.

"నవ్వుకుంటనే రాండ్రి, ఏం పర్వాలే," అంది.

వాళ్లు పెరటి వైపు వెళ్లారు. తోమాసు చేతిలో స్టీరింగ్ ఆగిపోయింది. పెళ్లాన్ని కొత్తగా చూస్తున్నట్టు నోరు తెరిచి చూస్తున్నాడు.

"నా మొకం జూస్తవేందయ్యా? జర మెల్లగ రివర్స్ తియ్యి, కిటికీ కాడ పిల్లకు కనవడాలె."