మంచు సముద్రపు పటం తెగిన రోజు

1998లో తిరుపతిలో నాకు చిన్న బైండింగ్ అంగడి ఉండేది. యూనివర్సిటీ విద్యార్థుల థీసిస్‌లు, ఆఫీసు రిజిస్టర్లు, ఇదే రోజూ పని. కాగితాలు కుట్టి, వెన్నుకు జిగురు పట్టించాక ట్రిమ్మింగ్ చేస్తాం. అంటే కటింగ్ మిషన్‌లో పెట్టి మూడు వైపులా అంచులు సమంగా కోయడం. ఆ తర్వాతే అట్ట వేస్తాం.

మామిడి సీజన్ ముగిశాక ఒక ఆదివారం మునిరత్నం అన్న వచ్చాడు. బంగారుపాళ్యం దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో కోల్డ్ రూమ్ ఆపరేటర్. ఆయనకు ఒకటే పిచ్చి. ఉత్తర ధ్రువం వైపు మంచు సముద్రంలో ఓడలేసుకుని వెళ్ళినవాళ్ళ గురించిన పాత ఇంగ్లీషు పుస్తకాలు సేకరించడం. చెన్నైలోని పాత పుస్తకాల వ్యాపారులకు ఉత్తరాలు రాసి రాసి తెప్పించుకునేవాడు. ఆ రోజు గుడ్డసంచిలోంచి తీసింది నూరేళ్ళు దాటిన పుస్తకం. వెన్ను విరిగి, కుట్లు ఊడి ఉంది.

"దీనికోసరం ఆరేండ్లు ఎతికినానప్పా. యాడా దొరకలా. జాగర్తగా సూడు" అన్నాడు.

కుట్టు బాగా కుదిరింది. ఆ సంతోషంలో, అలవాటు కొద్దీ, మిషన్‌లో పెట్టి పిడి లాగాను. కత్తి దిగాక చూస్తే, చివర్లో మడిచిపెట్టిన పెద్ద పటం మడతల దగ్గర తెగి మూడు ముక్కలైంది. కోత కాగితాల గోతాం నేల మీద బోర్లించి, ఆ పటం తాలూకు సన్నటి పీలికలు ఒక్కొక్కటే ఏరాను.

ఎలాగో అతికించి, మడిచి ఇచ్చేస్తే ఇప్పుడే తెలియదులే అనిపించింది. రెండు రోజులు అదే ఆలోచన. కానీ ఆయన వచ్చి పుస్తకం కోసం రెండు చేతులూ చాపేసరికి నావల్ల కాలేదు.

"అన్నా, లోపలి పటం కోసేసినాను. తప్పు నాదే."

ఆయన స్టూలు మీద కూలబడ్డాడు. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"పీలికలు పారేసినావా?"

"లేదన్నా. అన్నీ ఏరిపెట్టినా."

"అట్లయితే తీసకరా. ఆ తీరాలు నాకు తెలుసు."

బల్ల మీద పరిచాం. నా కంటికి అన్నీ ఒకేలాంటి గీతలు. ఆయన మాత్రం కాగితం మీదికి వంగి, "ఇది దీవి కొస. ఈడనే ఓడ మంచులో ఇరుక్కునింది. సలికాలమంతా ఆడనే ఉండిపోయినారు పాపం" అంటూ ఒక్కో పీలికను దాని చోటికి జరిపాడు. నేను వెనక పల్చటి మల్లుగుడ్డ పెట్టి మైదా జిగురుతో అతికించాను. మధ్యాహ్నం భోజనం ఇద్దరికీ గుర్తు రాలేదు. అయినా అతుకులు కనిపిస్తూనే ఉన్నాయి. ఒకచోట ఊరి పేరు సగం పోయింది.

పుస్తకాన్ని గుడ్డసంచిలో పెట్టుకుని ఆయన వెళ్ళిపోయాడు. ఇక రాడనుకున్నాను. నెల తిరక్కుండానే మరో మూడు పుస్తకాలతో వచ్చాడు.

"మళ్ళా నా దగ్గరికేనా అన్నా?"

"ఇంగెవురికి ఇచ్చేది? ఏమన్నా అయితే నువ్వు చెప్తావు గదా."

ఆ మూడింటినీ పేజీ పేజీ తిప్పి చూశాకే సూది పట్టాను. మిషన్ జోలికి పోలేదు. పాత పుస్తకాన్ని కోయకుండా బాగుచేయడం ఆయన పుస్తకాల మీదే నేర్చుకున్నాను. పొరపాటు జరిగితే, అవతలివాళ్ళు అడగకముందే చెప్పడం కూడా అప్పటినుంచే అలవాటైంది. ఇప్పుడు ఎవరైనా నన్ను మంచి బైండర్ అంటే, తప్పు చేసిన చేతికే రెండోసారి పుస్తకం ఇచ్చిన ఆ మనిషికి మనసులో దండం పెట్టుకుంటాను.