తాళం వేసిన హాల్లో కర్చీఫ్

దయ్యాలూ ఆత్మలూ అంటేనే నాకు చిరాకు. ముప్పై ఏళ్ళు బళ్ళో లెక్కలు చెప్పినదాన్ని. మా చర్చిలో ఎవరైనా లేచి దర్శనం కలిగిందని సాక్ష్యం చెబుతుంటే పాటల పుస్తకం తిరగేస్తూ కూర్చునేదాన్ని. ఇప్పుడు జరిగింది జరిగినట్టు చెబుతున్నాను, నా బుద్ధి ఎంత వంకరో కూడా దాచకుండా.

రాష్ట్రం ఇంకా ఒక్కటిగా ఉన్న రోజులు. మేం సికింద్రాబాద్ కార్ఖానాలో ఉండేవాళ్ళం. మా చెల్లి సుగుణకి రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయ్యాక ఐదు వారాలు రేడియేషన్ పెట్టాలన్నారు. శని, ఆదివారాలు తప్ప రోజూ. బేగంపేట వైపు ఏదో ప్రైవేటు ఆసుపత్రిలో కొత్త మిషన్ వచ్చిందని విన్నాం గానీ ఆ గుమ్మం మా తాహతుకి మించింది. మాకు దొరికింది రెండు బస్సులు మారి వెళ్ళాల్సిన ఒక పెద్దాసుపత్రి, అందులో ఒకే ఒక్క ముసలి మిషన్.

అది ఎప్పుడు మొరాయిస్తుందో ఎవరికీ తెలియదు. ఒకరోజు పదిమందికి పెట్టాక ఆగేది, ఇంకోరోజు ఒక్కరికే. మిగిలినవాళ్ళు మర్నాడు రావాలి. మధ్యలో ఇలా రోజులు పోతే వైద్యం సరిగా పనిచేయదని డాక్టరుగారు గట్టిగా చెప్పారు. అప్పటికే సుగుణకి నాలుగు రోజులు పోయాయి. ఎవరు ముందు అన్నదే మాకు ప్రాణం మీది సంగతి.

టోకెన్లు లేవు. హాల్లో గోడవారగా పొడుగాటి బల్ల ఉండేది. బస్సులో సీటుకి వేసినట్టే దాని మీద కర్చీఫ్ వేస్తే ఆ చోటు వాళ్ళది. ఒకరి కర్చీఫ్ ఇంకొకరు ముట్టుకోరు. బల్ల మొదట్లో రోజూ ఒకటే కర్చీఫ్. పసుపుపచ్చది, మూలన ఇస్త్రీపెట్టె కాల్చిన మచ్చ. అది నేరేడ్‌మెట్ నుంచి వచ్చే బాలమణిది.

మేం ఎంత తొందరగా వచ్చినా అది అక్కడుండేది. ఆమె కర్చీఫ్ వేసి కిందకి టీకి వెళ్ళేది. నింపాదిగా వచ్చి "ఏం టీచరమ్మా, ఇయ్యాల సుత నేనే ఫస్టు!" అని నవ్వేది. ఒళ్ళు మండిపోయేది నాకు. ఆమెదీ అదే జబ్బు, పైగా ఊపిరితిత్తులకి కూడా పాకిందట. అయినా ఆ నవ్వేమిటో! రెండుసార్లు ఆమె లోపలికెళ్ళి వచ్చాకే మిషన్ ఆగిపోయింది. మేం ఉసూరుమంటూ తిరిగి బస్సెక్కాం.

అంతకన్నా కడుపుమంట ఇంకోటుంది. నాతో ముక్తసరిగా మాట్లాడే సుగుణ ఆమె పక్కన కూర్చుంటే పకపకా నవ్వేది. ఆమె కోసం విడిగా డబ్బాలో ఉప్మా తెచ్చేది. ఆ ఉప్మా చేసింది ఎవరండీ, నేను కాదూ! ఒకరోజు బాలమణి "మీ అక్కకు నా మీద జెర కుళ్ళు గదా" అంటే నా చెల్లి కనీసం కాదనలేదు.

ఒక సోమవారం పంతం పట్టాను. మొదటి బస్సు కన్నా ముందే ఆటో మాట్లాడుకుని వచ్చేశాం. హాలుకి తాళం ఉంది. తలుపు ముందు మేమిద్దరమే. ఇవాళ నువ్వు రెండోదానివే బాలమణీ అనుకుని లోపల్లోపల మురిసిపోయాను. ఆయా వచ్చి నా కళ్ళముందే తాళం తీసి లైటు వేసింది.

బల్ల మొదట్లో పసుపు కర్చీఫ్.

శుక్రవారమే వేసి పోయిందన్నమాట, ఎంత గడుసుది అనుకున్నాను. ఆయా కిటికీలు తెరవడానికి అటు తిరగగానే దాన్ని తీసి సంచిలో కుక్కాను. మూలన మచ్చ కూడా చూశాను. గుమ్మం దగ్గరే ఆగిన సుగుణని పిలిచి అక్కడ కూర్చోబెట్టాను.

మొదట సుగుణకే పెట్టారు. ఇంకో ఇద్దరి తర్వాత మిషన్ ఆగింది. బాలమణి రాలేదు. ఆమె మొహం మాడిపోతుంటే చూసే భాగ్యం లేకపోయిందే అనుకున్నాను, అబద్ధమెందుకు? వెళ్తూ వెళ్తూ మీ ఫస్టు నంబరు ఎక్కడని ఆయాని వెటకారంగా అడిగాను.

"బాలమణా? మీకు ఎర్కలేదా? శనివారం పొద్దుగాలనే పోయింది తల్లీ. ఊపిరి అందలేదంట."

శుక్రవారం కర్చీఫ్ ఇక్కడే మర్చిపోయిందేమో అన్నాను.

"ఏడ? శనివారం నేనే హాలు కడిగిన, ఫినాయిలేసి. బల్ల బయట ఎండల పెట్టి తుడిచి లోపలేసిన. దాని మీద ఏమి లేకుండే. తాళంచెవి నా కొంగుకే ఉన్నది."

బస్సులో సుగుణకి సంగతి చెప్పి కర్చీఫ్ చూపించాను. అది వెక్కివెక్కి ఏడ్చింది. శుక్రవారం బాలమణి తనతో ఒక మాట అందట. ఆమె పేరెత్తితేనే నేను చిరాకుపడతానని చెప్పలేదట.

"సోమవారం సంది నా జాగల నువ్వు కూసో బిడ్డా. కర్చీఫ్ నేనే ఏస్తా. మీ అక్కను పరేషాన్ కావద్దని చెప్పు."

మా కోసం వేసినదాన్నే నేను దొంగిలించానన్నమాట.

ఆ తర్వాత రోజూ ఆ కర్చీఫ్ నేనే వేశాను. ఎవరూ దాన్ని కదపలేదు, సుగుణకి ఇంకొక్క రోజు కూడా పోలేదు. ఇవాళ్టికీ నా చెల్లి శుభ్రంగా తిరుగుతోంది. చర్చిలో లేచి సాక్ష్యం చెప్పింది కూడా. నేను మాత్రం ఈ సంగతి పాస్టరుగారికి సైతం చెప్పలేదు.

ఎన్నో విధాల ఆలోచించాను. ఇంకో తాళంచెవి ఉందేమో, ఆయా సరిగా చూడలేదేమో. దేనితోనూ లెక్క తేలలేదు. ఆ కర్చీఫ్ అక్కడికెలా వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు.

తెలిసింది ఒక్కటే. పోయింది నేనై ఉంటే, నన్ను చూసి అంతగా కుళ్ళుకున్న మనిషి చెల్లెలికి నేను కర్చీఫ్ వేసేదాన్ని కాదు. అందుకే బాలమణి గుర్తొస్తే నాకు ఇప్పటికీ కుళ్ళే.