మరిపించానని చెప్పిన రోజు

ఏడేళ్ళుగా నా సొరుగులో ఒక మాత్రల డబ్బా ఉంది. అందులో ఇన్వర్టరు బోర్డులో కరెంటును వదిలి ఆపే మూడు కాళ్ళ ట్రాన్సిస్టర్లు, నాలుగు పాత మాస్‌ఫెట్లు. అన్నీ కలిపినా తులం తూగవు. మోసింది నేను కాబట్టి వాటి బరువెంతో నాకే తెలుసు. ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు, మీకు చెబుతున్నాను.

శంషాబాద్‌లో మాది ఇన్వర్టర్లు బాగుచేసే దుకాణం. మాది అంటే దానం అనే మా అన్నది. ఆయన నాకు తోడబుట్టినవాడు కాదు. ముప్పై దాటాక కుట్టుమిషన్ వదిలి వచ్చిన నన్ను పక్కన కూర్చోబెట్టుకుని మీటరు పట్టడం నేర్పినవాడు. ట్రాన్సిస్టర్ మీద నంబరు చెరిగిపోయినా, మీటరు కొనలు కాళ్ళకు మార్చి మార్చి ఆనించి ఏది బేసో, ఏది ఎమిటరో చెప్పేసేవాడు. కాళ్ళు చూసి జాతకం చెబుతావని ఆటపట్టించేదాన్ని.

మాస్‌ఫెట్ దగ్గర మాత్రం ఆయనది ఒకే మాట. దాని గేటు కాలికి మీటరు తగిలిందంటే ఆ కాస్త ఛార్జినీ అది లోపలే దాచుకుంటుంది. అప్పుడు మంచిదాన్ని చూసినా, షార్ట్ అయినట్టే మీటరు కూస్తుంది.

"దీనికి యాది ఎక్కువ చెల్లె. ముందు మరిపియ్యాలె, అటెన్క అడగాలె" అనేవాడు. మరిపించడమంటే ఏం లేదు, మూడు కాళ్ళనూ వేలితో ఒకసారి కలిపి ముట్టుకోవడమే.

ఆ రోజు పాల్మాకుల నుంచి చర్చి ఇన్వర్టరు వచ్చింది. మర్నాడే ఆరాధన. అన్న నాలుగు మాస్‌ఫెట్లూ ఊడదీసి చూసి, ఇవి మంచివే, లోపం వేరేచోట ఉందన్నాడు. అప్పటికే ఆయన కళ్ళు మసకబారుతున్నాయి. చర్చి పెద్ద ఎదురుగా నిలబడి అనుమానంగా చూస్తున్నాడు. నేను మీటరు అందుకున్నాను. ముందు గేటుకు తగిలించి, వెంటనే మిగతా రెండు కాళ్ళకు ఆనించాను. కూసింది. నాలుగూ అంతే. అన్నీ పోయాయని ఆ పెద్దమనిషి వినేట్టు గట్టిగానే అన్నాను.

అన్న కూడా ఆ కూత విన్నాడు. "మరిపించినవా?" అని మెల్లగా అడిగాడు.

సరిగ్గా అప్పుడే నెత్తిమీదినుంచి విమానం పోయింది. అది పోయేదాకా మాట ఆపడం ఇక్కడ అందరికీ అలవాటు. నాకు అంత వ్యవధి దొరికింది. మరిపించలేదని ఆ లోపే గుర్తొచ్చింది కూడా.

"మరిపించిన అన్నా" అన్నాను.

ఎందుకన్నాను? తప్పు బయటపడితే నవ్వుతారనా? కొత్తవి నాలుగు వేశాను. కాలిన చిన్న రెసిస్టర్ ఒకటి కనబడితే అదీ మార్చాను. అసలు లోపం అదే. ఇన్వర్టరు పనిచేసింది. పాతవాటిని పారేయబోతూ అరచేతిలో పోసుకుని, ఎందుకో మళ్ళీ మీటరు పెట్టాను. ఒక్కదానికీ కూయలేదు. అరచేయి తగిలి అన్నీ మరిచిపోయాయి, అన్నీ మంచివే.

అన్న అప్పటికి చేతులు కడుక్కుంటున్నాడు. "నా కండ్లతోని ఇగ కాదు చెల్లె. నువ్వు కూసో గీడ" అని కిటికీ పక్కన తన కుర్చీ చూపించాడు. కూర్చున్నాను. చూపు తగ్గిన మనిషికి కరెంటు పనెందుకు, ఆయన మంచికే కదా అని చాలాకాలం నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఆయనంటే నాకు ప్రాణమన్నది నిజం. ఆ కుర్చీ మీద నాకు ఆశ ఉండిందన్నది అంతకన్నా నిజం.

ఇప్పుడాయన ముందు కౌంటరు దగ్గర కూర్చుని నా గొప్పలు చెబుతుంటాడు. మా చెల్లె ముట్టుకుంటే చచ్చిన బోర్డు లేచి కూర్చుంటుందంటాడు. చాయ్ వస్తే మొదటి గ్లాసు నాకే పంపుతాడు.

నిన్న డబ్బా తీసి, మరిపించి చూశాను. నాలుగూ ఇంకా మంచివే. ఆయన చదవలేడని తెలిసే ఇది రాస్తున్నాను, ఆ పిరికితనమూ నాదే. క్షమించమని అడిగే ముఖం లేదు. ఆ విమానం పోయాక చెప్పాల్సిన మాట ఏడేళ్ళకు ఇక్కడ రాస్తున్నాను, గుండె కాస్త తేలికపడుతోంది.

లేదన్నా. నేను మరిపియ్యలే.