వెనక్కి కట్టుకున్న చేతులు

మా నాయిన మిర్యాలగూడ రైస్ మిల్లుల ముప్పై ఏండ్లు వడ్లు చూసే పని చేసిండు. బస్తాల వేలు దూర్చి, రెండు గింజలు తీసి, పంటికింద కొరికి, పచ్చియా ఎండినయా చెప్పేటోడు. ఆ మాటకు ఏ రైతూ ఎదురు చెప్పలే.

నా జీతంతో ఆయనను సింగపూర్ తీసుకపోయిన. చివరి రోజు పూలతోట చూడబోతూ, నీళ్ల సీసా కోసం ఒక సూపర్ మార్కెట్‌ల ఆగినం. బియ్యం సంచులు కనపడంగనే నాయిన ఒకదాన్ని గోటితో చీరి, రెండు గింజలు నోట్లె ఏసుకున్నడు.

"పాత బియ్యమే బిడ్డా, మంచిగున్నయ్," అన్నడు సంబురంగ.

గార్డు వచ్చిండు. ఆ సంచి నేనే కొంటానని బతిమాలి, నాయిన దిక్కు తిరిగిన.

"ఇది నీ మిల్లు కాదు. నలుగుర్ల పరువు తీస్తున్నవ్. చెయ్యి ఊరుకోదా నీకు?"

ఆయన రెండు చేతులు వెనక్కి కట్టుకున్నడు. పూలు గట్లనే చూసిండు, సముద్రం గట్లనే చూసిండు. ఐస్‌క్రీం ఇయ్యబోతే వద్దన్నడు.

నాయిన పోయి ఏడాదయింది. గోడకు ఆ పూలతోటల తీసిన ఆయన ఫోటోనే పెట్టినం. చూసినోళ్లంతా, "మీ నాయిన ఎంత దర్జాగ నిలబడ్డడో," అంటరు.

నేను అవునంట.