ఫెంగ్ నాలుక

మియెన్ నది మీద దిగిన మంచు మధ్యాహ్నమైనా విడవడం మానేసిందంటే, ఇక ఫెంగ్ ఇంట్లో పొయ్యి ఆరదని ఊరంతటికీ తెలుసు. మొదట ఆవాకు, అల్లం వేసిన చారు వండేది. చలి ముదిరితే పంది ఎముకలు, ఎండబెట్టిన వెదురు మొలకలు కలిపి కాచేది. కొండల మీద గడ్డి తెల్లబడి ముసలివాళ్ళ మోకాళ్ళు మొరాయించే రోజులకు వసనాభి దుంపల జావ. పేరుకు జావేగానీ, పంది కాళ్ళు కరిగేదాకా కాచిన రసంలో జిగురు బియ్యం, దుంపలు కలిసి గరిటె నిలబడేంత చిక్కగా ఉంటుంది. చేదుగా ఉంటుంది. గిన్నెడు తాగితే అరికాళ్ళ దాకా వేడి దిగుతుంది. ఆ దుంప సరిగ్గా ఉడక్కపోతే మాత్రం తిన్నవాడు తెల్లారేసరికి ఉండడు. తెలిసి తెలిసి ఎలా తింటారని మైదానాల నుంచి వచ్చినవాళ్ళు ముక్కున వేలేసుకుంటారు. వాళ్ళు మా లోయలో ఒక్క చలికాలం కాపురం చేసి, అప్పుడు అడగాలి ఆ మాట.

ఫెంగ్ పందొమ్మిదో ఏట ఆ ఇంటికి కోడలుగా వచ్చింది. అత్తగారు పెద్ద మాటకారి కాదు. దుంపల దగ్గర మాత్రం ఆవిడ నోరు మూతపడేది కాదు.

"రాత్రంతా బియ్యం కడుగునీళ్ళలో నానాలి. పొద్దున పొయ్యెక్కిస్తే పొద్దు వాలేదాకా దించకూడదు. నీళ్ళు తగ్గితే మరిగే నీళ్ళే పోయాలి. చన్నీళ్ళు పోశావా, దుంప బిగుసుకుపోతుంది, లోపలి విషం లోపలే ఉంటుంది. విన్నావా?"

"విన్నానత్తా."

"ఏం విన్నావో మళ్ళీ చెప్పు."

అన్నిటికంటే చివరిది నాలుక పని. వండినామె చిన్న దుంప ముక్క తీసి నాలుక కొసన పెట్టుకుని నూరు లెక్కపెట్టాలి. చురుక్కుమన్నా, తిమ్మిరెక్కినా ఉమ్మేసి, కుండ మళ్ళీ పొయ్యి మీదికి ఎక్కించాలి. ఏమీ అనిపించకపోతే "ఉడికింది" అనాలి. ఆ మాట వినపడేదాకా, ఇంటి పెద్దయినా సరే, గిన్నె ఎత్తకూడదు. ఆ మాట అనే హక్కు ఇంట్లో ఒక్క మనిషికే ఉంటుంది. అత్తగారు ఒకనాడు తనకిక చేతకాదని గరిటె కోడలి చేతికిచ్చేసింది. ఆ తర్వాత ఇంకో ఎనిమిదేళ్ళు బతికింది. ఆ ఎనిమిదేళ్ళలో విత్తనాలు ఎప్పుడు చల్లాలనిగానీ, పిల్లవాడికి ఏ పేరు పెట్టాలనిగానీ ఆవిడను అడిగినవాళ్ళు లేరు. పొయ్యికి ఆ పక్కన కూర్చుని పెట్టింది తిని పడుకునేది. ఫెంగ్ అదంతా చూసింది. నా గతి ఇలా కాకూడదని అప్పుడే మనసులో గట్టిగా అనుకుంది.

నలభై ఒక్క చలికాలాలు ఫెంగ్ నాలుక తప్పు చెప్పలేదు. పక్కింటివాళ్ళు కూడా తమ కుండలోంచి ముక్క తెచ్చి ఆమె ముందు పెట్టేవారు. మరిది సుంగ్‌కి అదో వేళాకోళం.

"మా అన్నను చూసి జాలిపడండర్రా. నలభై ఏళ్ళ నుంచీ ఆ నాలుక కిందే బతుకుతున్నాడు. వసనాభి ఆయన్నేం చేస్తుంది?"

భర్త దోవాన్ నవ్వి ఊరుకునేవాడు. అతను ఎవరినీ ఎదురు మాట అనే మనిషి కాదు. చలికాలం వచ్చిందంటే వారానికి ఒకసారైనా ఆ జావ పడాలి అతనికి, అంతే.

ఇలా ఉండగా ఒక ఏడు కొత్త సంవత్సరం పండగ వెళ్ళిన పదిరోజులకు ఫెంగ్‌కి జ్వరం వచ్చింది. తొమ్మిది రోజులు కాసి తగ్గింది. లేచి కూర్చుని గంజి తాగితే ఉప్పు తెలియలేదు. జ్వరం నోరు కదా అనుకుంది. నెల దాటినా అంతే. పచ్చిమిరపకాయ కొరికి చూసింది, చెరువు గడ్డి నమిలినట్టుంది. చివరికి ఎవరూ లేనప్పుడు పొయ్యిలోంచి తీసిన వేడి వేడి చిలగడదుంప నాలుకకు ఆనించింది. పైన బొబ్బ లేచింది గానీ నొప్పి లేదు. అప్పుడు భయపడింది. భయపడి కూడా ఎవరికీ చెప్పలేదు. కూరల్లో ఉప్పు చేతి లెక్కతో వేసేది. ఎక్కువైతే "వయసు" అనేది. దోవాన్ ఎక్కువైనా తక్కువైనా మారుమాట లేకుండా తినేవాడు.

ఆ ఏడాది చివర్లో వచ్చిన చలికాలమే గేదెలు చలికి చచ్చిన చలికాలం. పదిహేను రోజులు సూర్యుడు కనపడలేదు. కొడుకు ఖియెమ్ రోడ్డు పనికి వెళ్ళి ఇరుక్కుపోయాడు. కోడలు మెన్ పుట్టింట్లో ఉంది. ఇంట్లో మొగుడూ పెళ్ళామే. దోవాన్ కొట్టంలో గేదె పక్కన మంట వేసి, దాని ఒంటికి గోనెలు కట్టి, పగలంతా దాని దగ్గరే కూర్చునేవాడు. ఒకనాటి మధ్యాహ్నం గేదె చచ్చిపోయింది. లోపలికి వచ్చేసరికి అతని పెదాలు నల్లగా ఉన్నాయి, పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి.

"అయిందంటే కాస్త పెట్టవే. లోపలంతా గడ్డకట్టినట్టుంది."

దుంపల కుండ పొద్దుటి నుంచీ పొయ్యి మీదే ఉంది. కట్టెలు తడిసి ఉండటం వల్ల మంట ఎన్నిసార్లు ఆరిందో ఆమెకే తెలియదు. ముక్క తీసి నాలుక మీద పెట్టుకుంది. నూరు లెక్కపెట్టింది కూడా. ఆ నాలుక మీద నిప్పు పెట్టినా ఇంతేనని తెలిసి కూడా లెక్కపెట్టింది. ఉడికే ఉంటుంది, ఇన్నేళ్ళ చెయ్యి కదా అనుకుని, "ఉడికింది" అంది. ప్రేమకొద్దీ కుండలో ఉన్న పెద్ద దుంప తీసి అతని గిన్నెలో వేసింది.

ఆమె ఇంకా తన గిన్నె ముట్టుకోకముందే దోవాన్ చెయ్యి ఆపి పెదాలు తడుముకున్నాడు.

"మూతి తెలియట్లేదే నాకు."

కాసేపటికి వేళ్ళు తెలియట్లేదన్నాడు. ఆ తర్వాత వాంతులు మొదలయ్యాయి. ఫెంగ్ చేసిన మొదటి పని మరిదిని పిలవడం కాదు. కుండ ఎత్తి, దొడ్డిదారిన తీసుకెళ్ళి పేడగుంటలో కుమ్మరించి, పైన పేడ కప్పి వచ్చింది. ఆ పని ఎందుకు చేసిందో ఆమె తర్వాత ఎన్నిసార్లు ఆలోచించుకున్నా, భయం అన్న ఒక్క మాటే దొరికింది. ఆ తర్వాతే సుంగ్ ఇంటి తలుపు కొట్టింది. సుంగ్ పరుగున వెళ్ళి ఆరోగ్య కేంద్రం నుంచి నర్సమ్మను వెంటబెట్టుకొచ్చాడు. ఆ పిల్ల నాడి పట్టుకుని చూసి అడిగింది.

"ఏం తిన్నాడమ్మా?"

"అన్నం, ఆవాకు చారు. పొద్దుట్నుంచీ కొట్టంలోనే ఉన్నాడు. చలి కొట్టింది."

అప్పటికి ఆ వారంలోనే ఊళ్ళో ఇద్దరు ముసలివాళ్ళు చలికి పోయారు. నర్సమ్మ అనుమానించలేదు. చలికి చేసే వైద్యమే చేసింది, దుప్పట్లు కప్పింది, వేడి నీళ్ళు పట్టించింది. దోవాన్ కోడి కూయకముందే పోయాడు. దుంప తిన్నాడని చెప్పి ఉంటే బండి కట్టి పట్నం పెద్దాసుపత్రికి తీసుకెళ్ళేవాళ్ళు. బతికేవాడో లేదో ఎవరు చెప్పగలరు? కానీ తీసుకెళ్ళేవాళ్ళు.

ఏడాది తిరిగింది. సంవత్సరీకం దగ్గరపడింది.

"నాన్నకి దుంపల జావ పెడదామమ్మా," అన్నాడు ఖియెమ్.

"కోడిని కోద్దాంలేరా. జిగురన్నం వండుదాం."

"ఆయనకి ప్రాణం కదే అదంటే. నిరుడు నేను లేకుండా పోయాను, చివరి ముద్దేం తిన్నాడో కూడా నాకు తెలీదు. ఈ ఒక్కటీ పెట్టనీ."

కాదనడానికి ఆమె దగ్గర చెప్పుకోదగ్గ కారణం ఒక్కటీ లేదు. సరేనంది. ఈసారి నాలుకతో పని లేకుండా వండాలని లోపల లెక్క వేసుకుంది. దుంపలు ఒక రాత్రి కాదు, రెండు రాత్రులు నానబెట్టింది. ముక్కలు గోరంత చేసింది. తెల్లవారుజామునే పొయ్యెక్కించి, ఎండిన కట్టె మాత్రమే పెట్టింది. పొద్దు వాలేదాకా మంట ఆరకపోతే, గండం గడిచినట్టే. నడుమ ఖియెమ్‌తో కలిసి సమాధి దగ్గర గడ్డి పీకడానికి వెళ్ళాల్సి వచ్చింది. మంట చూడమని మెన్‌కి చెప్పి వెళ్ళింది. తిరిగి వచ్చి మూత తీస్తే రసం నిండుగా ఉంది.

"నీళ్ళు పోశావా?"

"అడుగంటుతుందేమోనని రెండు డిప్పలు పోశానత్తా."

"మరిగినవేనా?"

"లేదు, తొట్టిలోవి. ఉడుకు ఆగిపోయింది, మళ్ళీ మంట ఎక్కించేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. ఇందాక ఇంకో డిప్ప పోశాను. ఏం, పోయకూడదా?"

ఫెంగ్ మూత మళ్ళీ పెట్టేసింది. కోడల్ని ఏమంటుంది? నాలుగేళ్ళుగా ఆ పిల్ల ఇంట్లో ఉంది, దుంప గురించి ఒక్క ముక్క నేర్పలేదు. నేర్పితే గరిటె ఇవ్వాల్సి వస్తుందని నేర్పలేదు.

"ఏం లేదులే," అని మంట ఎగదోసింది.

చుట్టాలొచ్చారు. పూర్వీకుల పీఠం ముందు దీపం పెట్టారు. సుంగ్ పొయ్యి దగ్గర చేరి చేతులు కాచుకుంటూ మొదలుపెట్టాడు.

"వదినా, ఆ నాలుక కాస్త బయట పెట్టు. అన్నయ్య పైనించి చూస్తూ లొట్టలేస్తున్నాడు."

"ఇంకా ఉడకాలి."

కొంతసేపటికి మళ్ళీ అడిగాడు.

"ఇంకా ఉడకాలి."

"ఇంక దుంపలేం ఉంటాయి, మసే. వదినకి పిసినారితనం వచ్చిందర్రా, మనకి పెట్టాల్సొస్తుందని దాటేస్తోంది."

అందరూ నవ్వారు. బయట వెలుగు తగ్గుతోంది. పిల్లలు ఆకలని ఏడుస్తున్నారు. అందరి కళ్ళూ తన మూతి మీదే ఉన్నాయి. ఫెంగ్ ముక్క తీసి నాలుక మీద పెట్టుకుంది. లెక్కపెట్టింది. నోట్లో ఏముందో ఆమెకు తెలియదు, దుంపైనా మట్టైనా ఒకటే. తెలియదని చెప్పే వీలు అప్పుడూ ఉంది.

"ఉడికింది," అంది.

మెన్ గిన్నెలు నింపింది. మొదటిది దోవాన్ పేర పీఠం మీద పెట్టారు. రెండోది కొడుకుది. పొద్దుటి నుంచీ ఉపవాసమున్న ఖియెమ్ రెండు చేతులా గిన్నె పట్టుకుని, ఊదుకుని, నోటి దగ్గరికి తీసుకున్నాడు. ఫెంగ్ ఎగిరి గిన్నెను చేత్తో కొట్టింది. జావ అతని ఒళ్ళోకి, నేల మీదికి పడింది.

"ఏంటమ్మా ఇది?"

"తినకు."

"ఇప్పుడేగా ఉడికిందన్నావు?"

"నాకు తెలీదురా. నా నాలుకకి తెలీదు."

ఎవరికీ అర్థం కాలేదు. సుంగ్ నవ్వబోయి ఆమె మొహం చూసి ఆగిపోయాడు. మెన్ మిగతా గిన్నెలన్నీ గబగబా తన వైపు లాక్కుంది.

"ఎప్పట్నుంచి?" అన్నాడు ఖియెమ్.

"జ్వరం వచ్చిందే, అప్పట్నుంచి."

"ఏ జ్వరం? నిరుడు పండగ తర్వాత వచ్చిందా?"

"ఆఁ."

లెక్క కట్టడానికి అతనికి ఎంతోసేపు పట్టలేదు. ఒళ్ళో జావ కాలుతున్నా తుడుచుకోలేదు.

"అంటే నాన్న పోకముందు నుంచి."

"పోకముందు నుంచే."

సుంగ్ లేచి నిలబడ్డాడు. అతని గొంతులో వేళాకోళం లేదు.

"నర్సమ్మ అడిగినప్పుడు నేను గుమ్మంలోనే ఉన్నా వదినా. అన్నం, ఆవాకు చారు అన్నావు. నా చెవులారా విన్నా."

"అన్నాను."

"కుండేదీ మరి?"

"నిన్ను పిలవకముందే పేడగుంటలో పోశాను."

 ఎవరో పిల్లల్ని బయటికి తీసుకెళ్ళారు. తిట్టినా, కొట్టినా భరించడానికి ఫెంగ్ సిద్ధంగానే ఉంది, నిజానికి ఏడాదిగా దానికోసమే ఎదురుచూసింది. ఖియెమ్ తిట్టలేదు. పీఠం మీది గిన్నె వైపు చూస్తూ అడిగాడు.

"నువ్వు ఆ అబద్ధం చెప్పినప్పుడు నాన్నకి తెలివుందా?"

"ఉంది."

"విన్నాడా?"

"విన్నాడు. నేను కుండ తీసుకెళ్ళడం కూడా చూశాడు." ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుంది. "ఆ నర్సు పిల్ల ఆయన వైపు తిరిగి, అంతేనా తాతా అనడిగింది. నన్నే చూస్తా అవునన్నట్టు తలూపాడు."

ఖియెమ్ లేచి, పీఠం మీద తండ్రి పేర పెట్టిన గిన్నె తీసి కుండలో వంపేసి, కుండతో సహా పెరట్లోకి వెళ్ళాడు. సుంగ్ పార తీసుకుని అతని వెనకే నడిచాడు. వచ్చినవాళ్ళకు ఏదో ఒకటి పెట్టాలి కాబట్టి మెన్ బియ్యం కడగడం మొదలుపెట్టింది. ఫెంగ్ నేల మీద పడిన జావను చేత్తోనే ఎత్తుతూ కూర్చుంది. లెమ్మని ఆమెను ఎవరూ అనలేదు.