గంజి పూసిన బొమ్మరిల్లు

సిరిసిల్లలో నాది రంగుల దుకాణం. పాతగోడను కొత్తగా చూపించుకోవడానికే జనం నా దగ్గరికి వస్తారు. కొత్త వస్తువును పాతదానిలా చూపించడానికి రంగు అడిగినవాడు ఇన్నేళ్లలో ఒక్క లక్ష్మీరాజమే.

"సేటూ, పొగచూరిన దూలం ఉంటది సూడు, గా రంగు ఇయ్యి" అన్నాడు మొదటిసారి.

"గది గావాల్నంటే మీ వంటింట్ల గీక్కో పో. నా దుకాణం ఎందుకు బద్నాం జేస్తవ్?" అన్నాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది.

అతను నవ్వలేదు. "మా వంటింట్ల గ్యాసు, సేటూ. పొగ ఏడిది?" అన్నాడు.

లక్ష్మీరాజం నేతగాళ్ల ఇంట పుట్టినవాడు. ముందు గుంటమగ్గం మీద నేశాడు, తర్వాత పవర్‌లూమ్ కార్ఖానాలో కూలికి చేరాడు. మానేరు మీద డ్యాం కట్టినప్పుడు అతని ఊరు నీళ్ల కిందికి పోయింది. భార్య కళావతిని తీసుకొని తంగళ్ళపల్లి దగ్గర నిర్వాసితుల కాలనీకి వచ్చాడు. కొన్నేళ్లకు ఆమెకు మతి తప్పడం మొదలైంది. అది కూడా ఎలాగో సర్దుకునేవారే. కానీ తానున్నది పరాయి ఇల్లని ఆమె మనసులో నాటుకుంది. ఎవరింట్లోనో మెతుకు ముట్టనని మొండికేసింది. "మా ఇంటికి పోయినంక తింట" అనేది. ఆ ఇంట్లో ఇప్పుడు చేపలు తిరుగుతున్నాయని ఎవరు చెప్పగలరు?

జగిత్యాల డాక్టరు మందులు రాశాడు. కోరుట్లలో ఉంటున్న కూతురు సుస్మిత తల్లిని కొండగట్టు గుడికి తీసుకెళ్లి రాత్రి అక్కడే నిద్ర చేయించింది. మందులూ అయ్యాయి, మొక్కులూ అయ్యాయి. మనిషి చిక్కి సగమైంది.

అప్పుడు లక్ష్మీరాజం విరిగిన మగ్గాల కర్ర ఏరుకొచ్చి, మునిగిపోయిన ఇంటిని పీటంత బొమ్మరిల్లుగా కట్టాడు. బొటనవేలంత కుండలు, ఉట్టి, ఇసుర్రాయి, గుంటమగ్గం, అన్నీ చేశాడు. కళావతి ఒకసారి చూసి, "గియ్యన్ని కొత్తయి. మనయి గావు" అని మొహం తిప్పుకుంది. అందుకే నా దుకాణానికి వచ్చాడు.

చూడాలనిపించి ఒక ఆదివారం కాలనీకి వెళ్లాను. చాయ్ డికాక్షన్‌తో చెక్కను తడుపుతున్నాడు, ఎర్రమన్ను రుద్దుతున్నాడు, తుడుస్తున్నాడు, మళ్లీ రుద్దుతున్నాడు. కుండల అడుగుకు దీపం మసి పట్టించాడు. గడపకు పసుపు పూసి, మనుషులు తొక్కే నడిమి భాగాన్ని మాత్రం గోటితో గీకేశాడు. మగ్గం కింద తొక్కుడు చెక్క ఎడమవైపు ఎక్కువ అరగాలట, అతని ఎడమకాలికి బలం ఎక్కువట.

"గింత సన్నం పని ఎవలు సూస్తరయ్యా?" అన్నాను.

"ఆమె సూస్తది" అన్నాడు.

రంగు ఊడకుండా వార్నిష్ వేయమన్నాను. మెరుస్తుందని వద్దన్నాడు. చేతికి అలవాటైన గంజినే నమ్ముకున్నాడు. మగ్గానికి ఎక్కించే ముందు దారానికి పట్టించినట్టే, మసి కలిపిన గంజిని ప్రతి సామానుకూ పూశాడు. గంజికి పురుగు పట్టకుండా నేతగాళ్లు మైలుతుత్తం కలుపుతారు. దుకాణంలో నేను అది పొట్లం కట్టి ఇవ్వబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"అది విషం, సేటూ. ఆమె గా కుండలు నోట్లె వెట్టుకుంటది."

ఈసారి కళావతి బొమ్మరింటి ముందు కూర్చుంది. మసికుండను వేలితో తడిమి, "గీ కుండ నా చేతులల్లనే మాడింది" అని నవ్వింది. ఆ పూట అన్నం తిన్నది. ఎండాకాలమంతా తిన్నది. బొమ్మరింటి ముందు కంచం పెడితే చాలు. సుస్మిత వచ్చి చూసి ఏడ్చింది. నేను లక్ష్మీరాజానికి రెండు బ్రష్షులు ఊరికే ఇచ్చాను, మా వంశంలో లేని గుణం అది.

తర్వాత ముసురు పట్టింది. ఇంట్లో ఆరేసిన బట్ట ఆరలేదు. గంజి చెమ్మగిల్లి బూజు పట్టింది, బొద్దింకలు దాని రుచి మరిగాయి. ఒక పొద్దున లేచి చూస్తే రంగంతా కొరికేసి ఉంది. తెల్లచెక్క బయటపడింది, మిగిలినచోట నల్లటి బూజు. నేతగాడు తప్ప ఇంకెవరూ చేయని పొరపాటు. దారానికి పెట్టిన గంజి బట్ట ఉతికితే పోతుంది, పోయినా నష్టం లేదు. ఇల్లు నిలవాలి కదా. ఆ సంగతి అతనికి తట్టలేదు, రంగులమ్మే నాకూ తట్టలేదు.

కళావతి మళ్లీ కంచం తోసేసింది. లక్ష్మీరాజం కార్ఖానా మానేసి, బొమ్మరిల్లు కడిగి, ఆరబెట్టి, మొదటినుంచీ అంతా చేశాడు. ఈసారి గంజి లేదు, వార్నిష్ వేసి దాని మెరుపు పోయేదాకా గరుకు కాగితంతో రుద్దాడు. నేను వెళ్లేసరికి ఇల్లు సిద్ధంగా ఉంది, ముందు కంచం పెట్టి ఉంది. ప్రమాణం చేసి చెబుతాను, నా కళ్లకు మొదటిదానికీ దీనికీ తేడా కనిపించలేదు.

కళావతి చాలాసేపు చూసింది. "మంచిగున్నది. ఎవలదీ ఇల్లు?" అంది.

"మనదే, కళావతీ. గిదిగో మన మగ్గం. గిదిగో నీ కుండ."

లక్ష్మీరాజం ముద్ద కలిపి నోటిదగ్గర పెట్టాడు. ఆమె భుజాల మీదుగా కొంగు నిండుగా కప్పుకుని, అతని చేతిని మెల్లగా పక్కకు జరిపింది.

"ఏమనుకోకు అన్నా. మీ ఇంట్ల నేను తినద్దు. మా ఇంటాయన ఇంక రాలే."

నేనే అతన్ని చూడలేక గోడవైపు తిరిగాను. అతను ముద్దను కంచంలో వదిలి, చెయ్యి కడుక్కుని, కంచం మీద మూత పెట్టాడు.

"సరే చెల్లె" అన్నాడు. "మీ ఇంటాయన అచ్చినంకనే తిను."

ఆమె తల ఊపి, వాకిలి వైపు తిరిగి కూర్చుంది.