నిలిచిన కడుపు

బోథ్ పక్క పల్లె నుంచి ఆమె ఆదిలాబాద్‌లో నేను పనిచేసే ఆస్పత్రికి వచ్చేసరికి నాలుగో నెల. అంతకుముందు రెండు సార్లు కడుపులోనే బిడ్డలు పోయారు. అప్పుడు ఆస్పత్రి మొహమే చూడలేదు. పరీక్ష బల్ల మీద పడుకుని పైకప్పు వైపు చూస్తూ, "నా కడుపుల ఏదో ఉన్నది మేడం. పిల్లల్ని ఉండనిస్తలేదు" అంది.

ఆమె అన్నది నిజమే. వేలి కొస నుంచి తీసిన రక్తపు చుక్కతో విషయం బయటపడింది. ల్యాబ్‌లో మళ్లీ చేయించినా అదే మాట. సిఫిలిస్. పాతకాలం వాళ్లు సవాయి రోగం అనేవారు. ఆమె ఒంటి మీద పుండు లేదు, మచ్చ లేదు, నొప్పీ లేదు. అంత చప్పుడు లేకుండా దాక్కుని ఉంది.

చెప్పాను. బయట నిలబడ్డ భర్త వైపు చూసి అడిగింది, "గాయిన నుంచి అచ్చిందా?"

"ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో ఈ పరీక్ష చెప్పదమ్మా. వైద్యం మాత్రం ఇద్దరికీ కావాలి."

అతన్ని తనే లోపలికి పిలిచింది. అతను పత్తి జిన్నింగ్ మిల్లులో హమాలీ. "నాకేం రోగం లేదు. నాకెందుకు సూది?" అన్నాడు.

ఆమె గొంతు పెంచలేదు. "నిన్ను అడిగేది ఎనుక అడుగుత. ముందుగాల సూది ఏయించుకో. గీ బిడ్డ నాకు దక్కాలె."

అతను రక్తం ఇచ్చాడు. అతనికీ ఉంది. సూది కోసం చొక్కా చేయి పైకి మడిచాడు. ఈ సూది చేతికి కాదు, పిర్రకని సిస్టర్ చెప్పాల్సి వచ్చింది.

ఆ సూది మందు పెనిసిలిన్, చిన్న సీసాలో తెల్లటి పొడి. నీళ్లు కలిపితే పాలలా అవుతుంది. సూది లావు, నొప్పి కూడా ఎక్కువే. పత్తి ఏరే రోజుల్లో కూలి మానుకుని, వారం వారం వచ్చి వేయించుకుంది.

నెలలు నిండాక, ఒక మధ్యాహ్నం కాన్పు నేనే చేశాను. ఆడపిల్ల. గది దద్దరిల్లేలా ఏడ్చింది.

తల్లి తల ఎత్తి, "గా ఏడ్సేది నా బిడ్డేనా?" అంది.

"నీ బిడ్డేనమ్మా."

పిల్లల డాక్టరు వచ్చి చూశారు, రక్తం పరీక్ష చేయించారు. రోగం జాడ లేదన్నారు. తల్లికి వేసిన మందు మావి దాటి బిడ్డను చేరుతుందని చదువుకునే రోజుల్లో నేను పరీక్షల్లో ఎన్నిసార్లు రాశానో! అలా చేరడమంటే ఏమిటో, నా చేతుల్లో కాళ్లు తన్నుకుంటున్న ఆ పిల్లను చూస్తే గాని తెలియలేదు.

మళ్లీ ఏడుపందుకున్న పిల్లను ఊరుకోబెట్టబోయిన సిస్టర్ చేతిని తల్లి పట్టుకుంది.

"ఉండనియ్యి సిస్టరమ్మా. జరసేపు ఏడ్వనియ్యి."